ఆకురాయి తగిలిన గురిపూస

నేను ఒక గురిపూసను. తుపాకీ గొట్టం చివర, పైభాగాన నిలబడి ఉండే చిన్న రేకుముక్కను. మీ చిటికెనవేలి గోరులో సగం ఉంటాను. తుపాకీ కథలు చెప్పేవాళ్ళు గొట్టం గురించి చెబుతారు, తూటా గురించి చెబుతారు, మీసం మెలేసి కాల్చినవాడి గురించి అందరికంటే ఎక్కువ చెబుతారు. నా ఊసు ఎవడూ ఎత్తడు. ఎత్తకపోతే పోనీ. తూటా తగిలితే అది వాడి చేతి చలవ, తగలకపోతే మాత్రం నా పాపం. నూరేళ్ళుగా ఇదే న్యాయం చూస్తున్నాను. అందుకే నాకు కోపం. ముందే చెప్పేస్తున్నాను, మెత్తని మాటలు కావలసినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను పుట్టింది అమెరికాలో, ఒక రైఫిళ్ళ కార్ఖానాలో. అడుగున ఉక్కు దిమ్మ, దాని మీద జర్మన్ సిల్వర్ రేకు, రేకు తలమీద చక్కని గుండ్రని వంపు. ఆ వంపు దిద్దిన ముసలాయన ఒక్కో పూసను భూతద్దం కింద పెట్టి నాలుగుసార్లు చూసేవాడు. నా జన్మలో నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మళ్ళీ నూరేళ్ళకుగానీ దొరకలేదు. నన్ను ఎక్కించిన రైఫిలు లీవరు రకం. ట్రిగ్గరు కింద చెయ్యి దూర్చే ఇనుపకడియం ఉంటుంది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే కాలిన తూటా తొడుగు బయటపడి, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. ఎనిమిది పలకల గొట్టం, ఇరవై ఆరు అంగుళాల పొడుగు. గొట్టం మూతి దగ్గర అడ్డంగా ఒక గాడి కోసి ఉంటుంది, అడుగున వెడల్పు, పైన ఇరుకు. అందులోకి నన్ను కుడివైపు నుంచి ఎడమకు కొట్టి బిగించారు.

నా పని చాలా సులువు, అర్థం చేసుకునేవాడికి. వెనకాల, మీ కంటికి దగ్గరగా, ఒక పలక ఉంటుంది. దాని మధ్యలో చిన్న నొక్కు. ఆ నొక్కులో నా తల కనబడాలి, నా తలమీద మీరు కొట్టదలచింది కనబడాలి. నేను పొడుగైతే తూటా కిందికి పోతుంది. పొట్టిగా ఉంటే పైకి పోతుంది. ఇది తలకిందుల లెక్కలా అనిపిస్తుందిగానీ కాదు. నేను పొడుగ్గా ఉంటే నన్ను ఆ నొక్కులోకి తేవడానికి మీరు గొట్టం మూతిని దించాలి, మూతి దిగితే తూటా దిగుతుంది. పదేళ్ళ పిల్లకు చెప్పినా తలకెక్కే సంగతి. కానీ దొరలకు ఎక్కదు.

అవును, దొర దగ్గరికే వస్తున్నాను. బొంబాయి రేవులో దిగి, హైదరాబాదులో ఒక దుకాణం అద్దాల వెనక కొన్నాళ్ళు నిలబడి, చివరికి నేనూ నా రైఫిలూ వరంగల్లుకు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న ఇప్పలగూడెం గడీకి చేరాం. కొన్నవాడు విఠల్‌రావు దొర. ఆయనకు రైఫిలు భుజాన పెట్టుకోవడం వచ్చు, ఫొటో దిగడం వచ్చు, కాల్చడమే రాదు. కాల్చే క్షణంలో రెండు కళ్ళూ మూసేవాడు. ట్రిగ్గరును నొక్కడు, బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగుతాడు. ఆ లాగుడుకు గొట్టం మూతి కిందికి వంగేది, తూటా ఎప్పుడూ ఇరవై అడుగుల ముందే మట్టిలో దిగబడేది. దుమ్ము లేచేది. వెనకున్న నౌకర్లు నేలచూపులు చూసేవారు. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. నాకు నోరు లేదు, లేకపోతే ఆ రోజే చెప్పేదాన్ని.

తుపాకీలు బాగుచేసే కాసోజు రాజలింగాన్ని వరంగల్లు మట్టెవాడ నుంచి పిలిపించారు. నల్లగా, సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఆయన రైఫిలును ఒక దిమ్మ మీద ఆనించి మూడు తూటాలు కాల్చాడు. మూడూ ఒక్క అరచేతి వెడల్పులో, పెట్టిన గురి మీదే తగిలాయి. తప్పు ఎక్కడుందో ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. కానీ తప్పు చేతిదని ఆ చేతికే చెప్పడం ఆ రోజుల్లో అంత తేలిక కాదు.

"నీ కాల్మొక్త దొరా, తుపాకి సక్కగనే ఉన్నది. జెర మెల్లగ ఒత్తితె సాలు," అన్నాడు.

"నాకు కాల్సుడు నేర్పొచ్చినవా? పూస రుద్దు. తూటా పైకి రావాలె," అన్నాడు దొర.

రాజలింగం రెండోసారి చెప్పబోయాడు. దొర ఉరిమి చూశాడు. రాజలింగం సంచిలోంచి ఆకురాయి తీశాడు. కార్ఖానా ముసలాయన నాలుగుసార్లు చూసి మురిసిన నా తలమీద ఆ ఆకురాయి అడ్డంగా నడిచింది. పనివాళ్ళు అంగుళంలో ఎనిమిదో వంతును సూత అంటారు. అర సూతకు కాస్త తక్కువ పోయింది నాలోంచి. మీకు అది ఏమంత కాదనిపించవచ్చు. నేను ఉన్నదే సూతన్నర. పైగా ఆకురాయి తీసింది తిరిగి పెట్టలేదు. ఒక మనిషి కళ్ళు మూసుకుని కాలుస్తున్నాడని నా తల తీసేశారు. ఇంతకంటే అడ్డగోలు పని ఈ భూమ్మీద ఇంకొకటి జరిగి ఉంటే నాకు చెప్పండి.

పదిహేను రోజులకు హైదరాబాదు నుంచి దొరకు పెద్ద చుట్టం వచ్చాడు. గడీ ముంగిట అరవై అడుగుల దూరాన, గోడమీద ఒక చిన్న ముంత పెట్టారు. దొర ఆ రోజు ఠీవి కోసం ఒక నౌకరును ముందు కూర్చోబెట్టి వాడి భుజం మీద రైఫిలు ఆనించాడు. ఆన్చిన గొట్టం ఎంత లాగినా కిందికి వంగదు. గొట్టం నిలకడగా ఉంది, నేనేమో పొట్టిదాన్నయ్యాను. తూటా ముంత పైనుంచి పోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ముంత మాత్రం అలాగే కూర్చుని ఉంది. చుట్టం నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

దొర రైఫిలును విసిరేశాడు. కంసాలోడు తుపాకీని ఖరాబు చేసిండన్నాడు. రాజలింగాన్ని మట్టెవాడ నుంచి మళ్ళీ నడిపించుకొచ్చి, గడీ వాకిట్లో నడుము వంచి నిలబెట్టి, వీపు మీద బండ పెట్టారు. మిట్టమధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా. రుద్దమన్నది ఎవరో అక్కడున్న ప్రతి ఒక్కడికీ తెలుసు. ఒక్కడు నోరు విప్పలేదు. బండ దించాక అదే చేతులతో నన్ను గాడిలోంచి కొట్టించి, వేరే పూస ఎక్కించుకున్నారు. నన్ను పెంటమీద పారెయ్యమన్నారు. రాజలింగం పారెయ్యలేదు. వంగిన నడుముతోనే నన్ను ధోవతి కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి జర్దా డబ్బాలో వేశాడు. ఆ తర్వాత ఆయన బతికిన ముప్పై ఏళ్ళలో ఏ పూస మీదా ఆకురాయి పెట్టలేదు. ఆకురాయి పడ్డ పూస మళ్ళీ తుపాకీ ఎక్కవద్దని కొడుకు మొగిలాచారికి నేర్పాడు. అది ఆ దుకాణం చట్టం అయిపోయింది.

చూశారా, ఎవరికి శిక్ష పడిందో? దొరకు కాదు. రాజలింగానికి, నాకు.

రైఫిలుకు తర్వాత ఏమైందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దొరల మీద తిరగబడి జనం గడీలోకి చొచ్చుకెళ్ళిన రోజుల్లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. గొంగడి కింద దాచుకుని అడవిలో నడవడానికి పొడుగు అడ్డమని, రంపంతో గొట్టాన్ని ఆరంగుళాలు కోసేశారు. కోసిన ముక్కతోపాటు దొర పెట్టించుకున్న పూస కూడా పోయింది. కొత్త మూతి మీద అచ్చం పాతదాని కొలతకే గాడి కోసి, మొరటు ఇనుపముక్క ఒకటి దిగ్గొట్టారు. తర్వాత అది సర్కారు చేతిలో పడింది, సర్కారు వేలంలో ఒక రైతు చేతిలో పడింది, ఆ రైతు కొడుకు సమ్మిరెడ్డికి లైసెన్సుతో సహా వచ్చింది. సమ్మిరెడ్డి రిటైరయిన బడిపంతులు. మక్కచేలను పాడుచేసే అడవిపందులను కాల్చడానికి పంచాయతీలు అనుమతి ఇచ్చి పిలిచే మనుషుల్లో ఆయన ఒకడు. ఈమధ్యే ఆ మొరటు ఇనుపముక్క కూడా ఊడి ఎక్కడో పడిపోయింది.

ఈలోగా నేను డెబ్బై ఏళ్ళు జర్దా డబ్బాలో ఉన్నాను. విరిగిన స్ప్రింగులు, తలలు పోయిన మరలు, ఎవరిదో ఒక ఉంగరం, మధ్యలో నేను. మొగిలాచారి ఏడాదికోసారి డబ్బా తెరిచి, నన్ను వేలితో పక్కకు తోసి, కావలసిన మర తీసుకుని మూసేసేవాడు. డెబ్బై ఏళ్ళు పక్కకు తోయించుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

మొగిలాచారికి ముగ్గురు పిల్లలు. పని పట్టుబడింది పెద్దకూతురు స్వరూపకు. పన్నెండేళ్ళకే తండ్రి పక్కన కూర్చుని స్ప్రింగులు సాగదీసేది. ఇప్పుడు ఆమెకు నలభై రెండు. షుగరు జబ్బు మొగిలాచారి చూపును కొంచెం కొంచెంగా తీసేసుకుంది. పదకొండేళ్ళుగా దుకాణంలో పనంతా స్వరూపదే, కాగితాల మీద పేరు మాత్రం మొగిలాచారిది. వచ్చినవాళ్ళు తుపాకీ ఆమె చేతికిచ్చి, సంగతి మాత్రం ఆయనతో చెప్పేవారు. ఆమె జవాబు చెబితే ఆయన వైపు తిరిగి, అంతేనా పెద్దాయనా అని అడిగేవారు. ఆమె పళ్ళు బిగించి పని చేసుకునేది. డబ్బాలో ఉండి కూడా నాకు ఆ చప్పుడు తెలుసు.

చూపు లేని మనిషి పేరు మీద మరమ్మతు లైసెన్సు ఇక కుదరదని పైనుంచి కాగితం వచ్చింది. కూతురి పేరుకు మార్చాలంటే ఆమె పరీక్షకు నిలబడాలి. తప్పితే దుకాణానికి సీలు వేస్తారు. ఆమెకు తెలిసిన పని ప్రపంచంలో అదొక్కటే. పరీక్ష పెట్టేది పోలీసుల తుపాకీలు చూసుకునే ఆర్మరర్ గంగాధర్. కొత్త రకం రైఫిళ్ళలో మంచి పనివాడే. కానీ ఆ రైఫిళ్ళ గురిపూసలకు మర ఉంటుంది, పైకి కిందికి తిప్పితే చాలు. నాలాంటివాళ్ళను ఆయన బొమ్మల్లో తప్ప చూసి ఎరగడు. ఎరగనని ఒప్పుకుంటే ఆయన సొమ్మేం పోతుంది? కానీ మనుషులు ఒప్పుకోరు. ఈ విషయంలో దొరకూ ఉద్యోగికీ తేడా లేదు.

పరీక్ష ఊరిచివర పోలీసుల ఫైరింగు రేంజిలో. పొద్దున తొమ్మిది గంటలు. రేకుల షెడ్డు కింద ఒక బల్ల, బల్లమీద బిగించే పట్టీ, పట్టీలో పూస ఊడిన ఒక రైఫిలు. దానికి పూస ఎక్కించడమే పరీక్ష. స్వరూప సామాను పెట్టె తెరిచి, గుడ్డపరిచి, జర్దా డబ్బా బోర్లించింది. దొర్లుకుంటూ బయటపడి తల తిప్పి చూశాను. నా రైఫిలు. మూతి కోసేసినా, కర్రమీద వార్నిషు పోయినా, ఆ ఎనిమిది పలకలు నాకు తెలియవా? నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. మిమ్మల్ని నమ్ముకున్నదాన్ని ఇంతలా కోసేస్తారా?

మొగిలాచారి ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. సమ్మిరెడ్డి తన రైఫిలు కోసం వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు. గంగాధర్ టేపుతో గొట్టం కొలిచి, చేతిలోని జాబితా తిరగేసి, జేబులోంచి కొత్త గురిపూస ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. తళతళలాడుతోంది, నాకంటే పొడుగు.

"ఇరవై అంగుళాలు. అంటే పొట్టి రకం, కార్బైన్. కార్బైనుకు ఈ పూసనే అని లిస్టుల ఉన్నది. నేను గుర్తువట్టుడు అయిపోయింది, నువ్వు బిగించుడే బాకీ," అన్నాడు.

అంత తేలిక పరీక్ష. ఆ పూసను గాడిలో కొడితే చాలు, లైసెన్సు వచ్చేస్తుంది. మొగిలాచారి ముఖంలో ఊరట కనిపించింది.

స్వరూప సుత్తి ఎత్తలేదు. వంగి గొట్టాన్ని చూసింది. వేలితో మూతి అంచును తడిమింది. వెర్నియరుతో గొట్టం మందాన్ని వెనకా ముందూ కొలిచి చేతిమీద పెన్నుతో రాసుకుంది. తర్వాత గుడ్డమీది సామానులో వెతికి నన్ను పట్టుకుంది. భూతద్దం కన్నుకు పెట్టుకుని నా అడుగున కార్ఖానావాళ్ళు నా ఎత్తుకు గుర్తుగా కొట్టిన అక్షరాన్ని చదివింది. నా తలమీది అడ్డగీతలను చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కార్ఖానా ముసలాయన తర్వాత నన్ను నాలుగుసార్లు చూసిన మనిషి ఆమే.

"సార్, ఇది కార్బైన్ గాదు," అంది. "కార్బైనుకు గుండ్రని గొట్టం ఉంటది. ఇది ఎనిమిది పలకలది. ఇరవై ఆరంగుళాల రైఫిలును ఎవరో కోసిండ్రు. మూతిమీద చేతి ఆకురాయి గీతలున్నయి."

గంగాధర్ ముఖం బిగిసింది. కోసినదైతే మాత్రం ఏమిటన్నాడు. పొడుగు ఇరవై అయినప్పుడు పూస ఇరవైదే కదా అన్నాడు. ఆమె ఓపికగా చెప్పింది. ఈ గొట్టం వెనక లావుగా ఉండి ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ముందు ఆరంగుళాలు కోసేస్తే మూతి లావైన చోటికి వచ్చింది. లావైన చోట నిలబడ్డ పూస తనంతట తానే ఎత్తు మీద నిలబడినట్టు. ఆ ఎత్తుమీద లిస్టులోని పొడుగు పూస పెడితే తూటా కిందికి పోతుంది. యాభై గజాల్లో నాలుగంగుళాలు. సమ్మిరెడ్డి పంది గుండెకు గురిపెడితే కాలికి తగులుతుంది. కాలు విరిగిన పంది పారిపోదు, తిరిగి మీదికి వస్తుంది. ఈ గొట్టానికి మామూలు పూసకంటే అర సూత తక్కువున్న పూస కావాలి. "అది గిదే," అని నన్ను బల్లమీద పెట్టింది.

"అది రుద్ది ఖరాబైన పూస గదమ్మా," అన్నాడు గంగాధర్. "కనవడ్తనే ఉన్నది. చెత్త డబ్బాల ఉండేది తెచ్చి పరీక్షల పెడ్తవా?"

మొగిలాచారి గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, సారు ఇచ్చిందే పెట్టు. ఆకురాయి వడ్డ పూస ఎక్కియ్యద్దు. మీ తాత మాట."

స్వరూప నన్ను తీసుకెళ్ళి తండ్రి వేళ్ళ మధ్య పెట్టింది. తాత రుద్దిన పూస ఇదేనని చెప్పింది. ఆయన బొటనవేలితో నా చదునైన తలను ఒకసారి నిమిరాడు. వేలు అక్కడే ఆగిపోయింది. తర్వాత నన్ను తిరిగి ఆమె చేతిలో పెట్టి, "వద్దు బిడ్డా, దుకాణం పోతది," అన్నాడు.

నా పరిస్థితి ఆలోచించండి. దొర చేతగానితనానికి నన్ను పొట్టిచేశారు. అడవిలో దాక్కోవడానికి గొట్టాన్ని కోశారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆ రెండు పనులూ డెబ్బై ఏళ్ళకు ఒక బల్లమీద కలుసుకుని నన్ను సరిగ్గా సరిపోయేలా చేశాయి. దీనికి నేను సంతోషించాలా? నన్ను పాడుచేసినవాళ్ళకు దండం పెట్టాలా? ఒళ్ళు మండిపోయింది. అదే సమయంలో, ఆమె నన్ను ఎక్కించకపోతే చచ్చిపోతానేమో అనిపించింది. అబద్ధమెందుకు, రెండూ నిజమే.

ఆమె తండ్రి చేతికర్ర మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది. నన్ను గాడి కుడిమూతిలో పెట్టి, ఇత్తడి ముక్క ఆనించి, చిన్న సుత్తితో కొట్టింది. నాలుగు దెబ్బలు. ఐదో దెబ్బకు నేను నా ఇంట్లో ఉన్నాను.

తప్పితే ఇక రెండో అవకాశం ఉండదని గంగాధర్ హెచ్చరించి, రైఫిలును ఇసుకసంచి మీద ఆనించి పడుకున్నాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఆయనకు కాల్చడం వచ్చు. కళ్ళు తెరిచే కాల్చాడు. యాభై గజాల అవతల అట్టమీద నల్లచుక్క. మొదటి తూటా చుక్కకు మూడంగుళాలు కుడివైపున తగిలింది.

"తప్పింది," అన్నాడు గంగాధర్, లేస్తూ. మొగిలాచారి తల దించుకున్నాడు.

"ఎత్తు సరిపోయింది సార్, చూడుండ్రి. పక్కకు పోయింది అంతే," అంది స్వరూప. తూటా ఎటు తప్పితే పూసను అటే జరపాలి. ఈ సంగతి ఆమె జాబితాలో చూడనక్కర్లేదు. రైఫిలు ఖాళీ చేయించి, ఇత్తడి ముక్క ఎడమవైపు పెట్టి, నన్ను వెంట్రుకంత కుడికి తట్టింది. ఇంకో వెంట్రుకంత. చాలు అనుకుని సుత్తి దించింది. గంగాధర్ మళ్ళీ పడుకున్నాడు. రెండో తూటా చుక్కలో. మూడో తూటా చుక్కలో, రెండోదానికి ఆనుకుని. సమ్మిరెడ్డి అట్టను పట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు.

గంగాధర్ కుర్చీలాక్కుని ఫారం నింపాడు. సంతకం పెట్టి, ముద్ర కొట్టి, నవ్వుతూ ఆమెకిచ్చాడు. పాసయ్యావు, ఇక దుకాణం నీ పేరు మీదే అన్నాడు. మొగిలాచారి రెండు చేతులూ ఎత్తి ఆయనున్న దిక్కుకు దండం పెట్టాడు.

స్వరూప కాగితం చదివింది. నిలబడే చదివింది. 'ఆర్మరర్ సూచనల మేరకు సరైన గురిపూసను ఎంపిక చేసి బిగించడమైనది' అని ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆర్మరర్ సూచనల మేరకట. చెత్త అన్న నోటితోనే.

"సార్, గిది మార్చి రాయుండ్రి," అంది స్వరూప. "మీరు చెప్పిన పూస నేను పెట్టలే."

గంగాధర్ చెయ్యి విదిలించాడు. ఫారాల్లో అలాగే రాస్తారన్నాడు. లైసెన్సు వస్తోంది కదా, ఎవరి మాట ప్రకారం చేస్తే ఏమైందన్నాడు. మొగిలాచారి కంగారుగా, ఊకో బిడ్డా అన్నాడు. సమ్మిరెడ్డి కూడా, పోనీయమ్మా, పని అయిందిగా అన్నాడు. ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురిదీ ఒకే మాట.

ఆమె వాదించలేదు. రైఫిలు ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసుకుంది. పట్టీలో బిగించింది. ఇత్తడి ముక్క, సుత్తి తీసుకుని నాలుగు దెబ్బల్లో నన్ను గాడిలోంచి బయటికి కొట్టేసింది. డెబ్బై ఏళ్ళకు ఇల్లు చేరితే గంట కూడా ఉండనివ్వలేదు. అయినా నాకు ఆమె మీద కోపం రాలేదు, నా జన్మలో మొదటిసారి. నన్నూ ఆ తళతళలాడే కొత్త పూసనూ పక్కపక్కన గంగాధర్ ముందు పెట్టింది. సుత్తి పిడి ఆయన వైపు తిప్పింది.

"మీ సూచన ప్రకారమే గద సార్. మీరే ఎక్కియ్యుండ్రి. నేను చూస్త."

ఆయన అందరి ముఖాలూ చూశాడు. వెనక్కి తగ్గలేకపోయాడు. నన్ను రెండు వేళ్ళతో తీసుకుని గాడి ఎడమమూతిలో పెట్టాడు. ఎడమ నుంచి నేను పోను, గాడి అటు సన్నగా ఉంటుంది. ఒక దెబ్బ కొట్టాడు. ఓరగా ఇరుక్కుపోయాను. ఇంకో దెబ్బ కొట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇంకొకటి కొడితే గాడి చెడిపోతుందని చెప్పింది.

"తప్పైనప్పుడు పేరు మాది పెట్టిండ్రు సార్. మా తాత ఈపు మీద బండ వెట్టిండ్రు, రుద్దమన్నోడు గడీల కూసున్నడు. ఒప్పైనప్పుడు పేరు మీది రాసుకుంటరా?"

షెడ్డు మీది రేకులు ఎండకు టపటపమంటున్నాయి. సమ్మిరెడ్డి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. గంగాధర్ సుత్తిని బల్లమీద పెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. కాసేపటికి కొత్త ఫారం తీసి, పెన్ను మూత తెరిచి, నెమ్మదిగా రాశాడు. మధ్యలో ఆగి, గొట్టం మందం ఎంతన్నావమ్మా అని అడిగాడు. ఆమె చేతిమీది అంకెలు చూపించింది. ఆయన వాటిని చూసి రాసుకున్నాడు. రాయడం అయ్యాక ఆమె చేతికివ్వబోతే ఆమె తీసుకోలేదు. తండ్రికి చూపు లేదనీ, ఆయన వినేలా చదవమనీ అంది.

గంగాధర్ చదివాడు. ఆర్మరర్ ఈ ఆయుధాన్ని కార్బైనుగా పొరపాటుగా గుర్తించాడనీ, ఆయన ఇచ్చిన గురిపూస దీనికి సరిపడదనీ, ఇది కోసిన రైఫిలని తేల్చి, రుద్దిన పాత గురిపూసను ఎంచి బిగించినది కాసోజు రాజలింగం మనుమరాలు, మొగిలాచారి కూతురు కాసోజు స్వరూప అనీ, అది ఆమె సొంత నిర్ణయమనీ చదివాడు.

మొగిలాచారి కర్ర పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చూపులేని కళ్ళు గొంతు వచ్చిన దిక్కుకు తిప్పాడు.

"మల్లోపారి సదువుండ్రి సారూ," అన్నాడు.

గంగాధర్ మొదటి నుంచి మళ్ళీ చదివాడు, ఈసారి కొంచెం గట్టిగా.